శస్త్రచికిత్సకు ముందు మెగ్నీషియం: నొప్పి తగ్గింపులో దాని స్థానం, దాని హద్దులు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితమైన ఉపన్యాసం)

ప్రస్తావన

భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ఆ తరువాత అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుకు శాస్త్రలోకంలో మొదట పేరు తెచ్చినది ఒక కొలత పద్ధతి. హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన ఆ పద్ధతి, రక్తంలోను మూత్రంలోను ఉన్న భాస్వరాన్ని ఒక నీలిరంగు ద్రావణపు గాఢతనుబట్టి లెక్కకట్టే వీలు కల్పించింది. ఆ లెక్క చేతికి వచ్చాకనే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీ అనే పదార్థం ఆ ప్రయోగశాలలో బయటపడ్డాయి; అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. జీవకణంలో ఏటీపీ ఒంటరిగా పనిచేయదనీ, చాలామట్టుకు మెగ్నీషియం అయాన్‌తో జతకట్టిన రూపంలోనే ఎంజైములు దాన్ని అందుకుంటాయనీ తరువాతి జీవరసాయనవేత్తలు తేల్చారు. కనుక సుబ్బారావు స్మృతికి అంకితమైన సభలో మెగ్నీషియం ప్రస్తావన రావడం సహజమే.

ఆపరేషన్‌కు ముందు, అంటే కత్తి పడకముందే, నరంలోకి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తే ఆపరేషన్ తరువాత వచ్చే నొప్పి తగ్గుతుందా అన్నది గత మూడు దశాబ్దాలుగా మత్తు వైద్యులు పరీక్షిస్తూ వచ్చిన ప్రశ్న. తగ్గుతుందన్న మాట నిజమే గాని, ఎంత తగ్గుతుంది, ఎవరిలో తగ్గుతుంది, ఏ జాగ్రత్తలతో ఇచ్చినప్పుడు తగ్గుతుంది అన్న మూడింటినీ కొలిచి చెప్పగలిగినంత మేరకే ఆ మాటకు వైద్యంలో విలువ ఉంటుందన్నది ఈ ఉపన్యాసం నిరూపించబూనిన విషయం.

దేహంలో మెగ్నీషియం

ఇంగ్లండులోని ఎప్సమ్ ఊరి చేదునీటినుంచి పదిహేడవ శతాబ్దంలో తీసిన ఉప్పు చాలాకాలం విరేచనాల మందుగానే చలామణి అయింది. స్కాట్లండు రసాయనవేత్త జోసెఫ్ బ్లాక్ 1755 ప్రాంతంలో మెగ్నీషియా వేరు, సున్నం వేరు అని తేల్చగా, 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో అందులోని లోహాన్ని వేరుచేశాడు. ఆ ఎప్సమ్ ఉప్పే మెగ్నీషియం సల్ఫేట్. పత్తి ఆకులు ఎర్రబారినప్పుడు తెలుగు రైతులు లీటరు నీటికి పది గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేసేదీ, ప్రసూతి వార్డులో నర్సులు మ్యాగ్‌సల్ఫ్ అని పిలిచేదీ ఈ పదార్థమే, శుద్ధిలోనే తేడా.

పెద్దవాళ్ల దేహంలో సుమారు 24 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకల్లోను, మిగిలినదాంట్లో అత్యధిక భాగం కండరాలు మొదలైన మెత్తని కణజాలాల కణాల లోపల ఉండగా, కణాల వెలుపలి ద్రవాలన్నిటిలోను కలిపి ఉండేది నూటికి ఒక వంతు మాత్రమే. రక్తపరీక్షలో కనబడేది ఈ ఒక వంతులోనూ ఒక భాగం కాబట్టి, రక్తంలో మెగ్నీషియం మామూలుగా ఉన్నంత మాత్రాన దేహంలో నిల్వలు నిండుగా ఉన్నాయని చెప్పడానికి వీల్లేదు. ఆరోగ్యవంతుల రక్తద్రవంలో దాని స్థాయి లీటరుకు సుమారు 0.7 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు, అంటే ప్రయోగశాల రిపోర్టుల్లో కనిపించే లెక్కన డెసిలీటరుకు 1.7 నుంచి 2.4 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. మూత్రం ఎక్కువగా పోయించే మందులు, దీర్ఘకాలం వాడిన గ్యాస్ మాత్రలు, అదుపులేని మధుమేహం, మద్యపానం దీన్ని తగ్గిస్తాయి. మూత్రపిండాలు చెడితే బయటకు పోయే దారి మూసుకుపోయి స్థాయి పెరుగుతుంది.

కదలలేకపోవడాన్ని నొప్పి లేకపోవడంగా భావించిన కాలం

మెగ్నీషియాన్ని మత్తుకోసం వాడాలన్న ఆలోచన కొత్తది కాదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో శామ్యూల్ మెల్ట్‌జర్, జాన్ ఆవర్ అనే శాస్త్రవేత్తలు 1905 ప్రాంతంలో జంతువులకు మెగ్నీషియం లవణాలను సూదిద్వారా ఇచ్చినప్పుడు అవి చలనం లేకుండా పడి ఉండడం, గాయపరచినా స్పందించకపోవడం గమనించి, ఇది మత్తుమందుగా పనికివస్తుందని ప్రకటించారు. త్వరలోనే వెన్నులోకి ఎక్కించి మనుషుల మీద ప్రయోగించారు. 1916లో చార్లెస్ పెక్, మెల్ట్‌జర్ కలిసి నరంలోకి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించి ఆపరేషన్లకు మత్తు కలిగించినట్టు రాశారు.

అర్ధశతాబ్దం తరువాత, 1966లో, జార్జ్ సోమ్‌యెన్, ఆయన సహచరులు ఇదే విషయాన్ని మళ్లీ పరీక్షకు పెట్టారు. ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద వ్యక్తులకు కండరాలు పూర్తిగా చచ్చుబడేంతవరకు నరంలోకి మెగ్నీషియం ఎక్కించి, ఊపిరిని యంత్రంతో నడిపించి చూడగా, వాళ్లకు స్పృహ పోలేదు, నొప్పి తెలియకపోనూ లేదు. చెప్పడానికి, కదలడానికి మాత్రమే శక్తి లేకపోయింది. మెగ్నీషియం నాడీ కొసల దగ్గర అసిటైల్‌కోలిన్ విడుదలను అడ్డుతుంది. నాడినుంచి కండరానికి సందేశం మోసుకుపోయే ఆ రసాయనం తగ్గితే కండరం ముడుచుకోదు. దీన్నిబట్టి తొలి ప్రయోగాల్లో మత్తుగా కనిపించినదాంట్లో కండరాల పక్షవాతం పాలే ఎక్కువని భావించవలసి వచ్చింది. నొప్పిని గురించిన పరిశోధనలకు ఈ ఉదంతం శాశ్వతమైన హెచ్చరిక. రోగి నిశ్చలంగా ఉన్నాడన్నది ఒక పరిశీలన, రోగికి నొప్పి లేదన్నది మరొక పరిశీలన; మొదటిదాన్ని చూసి రెండవదాన్ని ఊహించరాదు. ఈనాడు మెగ్నీషియం పరీక్షలు సాధారణంగా రోగి మెలకువ వచ్చాక స్వయంగా చెప్పిన నొప్పి అంకెనూ, స్వయంగా అడిగి వేయించుకున్న మార్ఫిన్ మోతాదునూ ప్రమాణాలుగా తీసుకోవడానికి కారణం ఇదే.

గాయం వెన్నుపాములో తెచ్చే మార్పు

చర్మాన్ని కోసినప్పుడు పుట్టే సంకేతాలు సన్నని నాడీ తంతువుల వెంట వెన్నుపాము వెనుక భాగానికి చేరి, అక్కడి నాడీకణాలను ఉత్తేజపరచి, మెదడుకు పోతాయి. ఈ దారి ఎప్పుడూ ఒకే తీరున పనిచేసే తీగ వంటిదన్న అభిప్రాయం 1960లనుంచి సడలుతూ వచ్చింది. సన్నని తంతువులను సెకనుకొకటి చొప్పున వరుసగా ప్రేరేపిస్తే వెన్నుపాము కణాల స్పందన ప్రతిసారీ పెరుగుతూ పోతుందని లోర్న్ మెండెల్, పాట్రిక్ వాల్ గమనించగా, లండన్ యూనివర్సిటీ కాలేజీలో క్లిఫర్డ్ ఊల్ఫ్ 1983లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో మరింత స్పష్టమైన సంగతి తేలింది. పాదానికి గాయమైన తరువాత కాలు వెనక్కు లాక్కునే ప్రతిచర్య మునుపటికన్నా తేలికపాటి తాకిడికే రావడమే కాకుండా, గాయమైన చోట మొద్దుబారే మందు వేసినా ఆ అతిస్పందన వెంటనే పోలేదు. గాయం బయట ఉన్నా దాని ప్రభావం వెన్నుపాములో పాతుకుపోయిందన్నమాట. దీన్నే కేంద్రీయ సున్నితత్వం అంటారు. ఆపరేషన్ మరునాడు కుట్ల చుట్టూ, గాయం లేని చోట కూడా చేయి తగిలితే నొప్పి పుట్టడంలో దీని పాత్ర పెద్దది.

ఈ మార్పు నడిచే యంత్రాంగంలో ముఖ్యమైన అంగం ఎన్‌ఎండీఏ గ్రాహకం. గ్రాహకం అంటే కణం పొర మీద ఉండి, ఫలానా రసాయనం వచ్చి అంటుకుంటే స్పందించే ప్రోటీను. నొప్పి సంకేతంతో వచ్చిన నాడీ తంతువు గ్లుటమేట్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అది ఎన్‌ఎండీఏ గ్రాహకానికి అంటుకున్నప్పుడు దాని నడిమి రంధ్రం తెరుచుకుని కాల్షియం కణంలోకి ప్రవేశించాలి. కాని మామూలు సమయంలో ఆ రంధ్రంలో మెగ్నీషియం అయాన్ సీసా మూతికి బిరడాలాగా ఇరుక్కుని ఉంటుంది. నాడీకణం లోపలి విద్యుత్ పీడనం వెలుపలితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు రుణంగా ఉండడంవల్ల ధనావేశం గల మెగ్నీషియం లోపలివైపు లాగబడి అక్కడ నిలుస్తుంది. ఒక్క సంకేతం వచ్చి పోతే అది కదలదు. సంకేతాలు ఎడతెగకుండా వస్తే మాత్రం కణం పొర మీది విద్యుత్ తేడా తగ్గి, మెగ్నీషియం పట్టు వదిలి, కాల్షియం లోపలికి దూకి, కణం ఉద్రేక స్థితి ఎక్కువకాలం నిలిచే మార్పులకు తెరతీస్తుంది. ఈ సంగతిని 1984లో ప్యారిస్‌లో లిండా నోవాక్, ఫిలిప్ అషర్ బృందమూ, అమెరికాలో మార్క్ మేయర్, గ్యారీ వెస్ట్‌బ్రూక్, పీటర్ గత్రీలూ విడివిడిగా నిరూపించారు.

ముందుగా ఇవ్వాలన్న ఆలోచన

కత్తి పడకముందే నొప్పి దారిని మూయాలన్న ఆలోచనకు ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలోనే క్లీవ్‌లాండ్ శస్త్రవైద్యుడు జార్జ్ క్రైల్ రూపమిచ్చాడు. రోగిని నిద్రపుచ్చినంత మాత్రాన గాయం సంకేతాలు మెదడుకు చేరడం ఆగదని నమ్మి, నిద్రమత్తుతోపాటు కోసే చోట మొద్దుబారే మందు కూడా ఇవ్వాలని ఆయన బోధించాడు. ఊల్ఫ్ ప్రయోగాల వెలుగులో పాట్రిక్ వాల్ 1988లో ఈ భావనను మళ్లీ ముందుకు తెచ్చాక, మొద్దుబారే మందులనుంచి కీటమిన్ అనే మత్తుమందు వరకు ఎన్నో మందులను కోతకు ముందూ తరువాతా ఇచ్చి పోల్చే పరీక్షలు ప్రపంచమంతటా జరిగాయి. ఎన్‌ఎండీఏ రంధ్రానికి దేహమే అమర్చుకున్న అడ్డు మెగ్నీషియం కనుక, దాన్ని రక్తంలో ముందే పెంచి ఉంచితే వెన్నుపాము ఉద్రేకపడకుండా కాపాడవచ్చునన్న ఊహ ఆ సందర్భంలో పుట్టింది.

ఈ ఊహలో రెండు మెట్లున్నాయి. ముందు ఇచ్చినందువల్ల ప్రత్యేక లాభం ఉండాలన్నది మొదటి మెట్టు. కోతకు ముందు ఇచ్చిన మందునే కోత తరువాత ఇచ్చి పోల్చిన పరీక్షలను మోయినికే, కెలెట్, డాల్ అనే డెన్మార్క్ వైద్యులు 2002లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, వేళ మారినందువల్ల వచ్చే తేడా ఆశించినంత కనబడలేదు. గాయం సంకేతాలు కోత క్షణంతో ఆగిపోవు. వాపు, కుట్ల ఒత్తిడి, దగ్గు, కదలిక రోజుల తరబడి వాటిని పంపుతూనే ఉంటాయి కాబట్టి, ముందు ఇచ్చి మధ్యలో వదిలేసిన మందు ఆపగలిగేది కొంతే. అందుచేత ఈనాటి మత్తు వైద్యంలో ముందుగా ఒక మోతాదు ఇచ్చి, ఆపరేషన్ సాగినంతసేపు సన్నధారగా ఎక్కిస్తూ పోవడం మెగ్నీషియం విషయంలో వాడుకగా స్థిరపడింది. రక్తంలో పెరిగిన మెగ్నీషియం వెన్నుపాముకు చేరాలన్నది రెండవ మెట్టు. ఈ రెండవ మెట్టు దగ్గరే అసలైన చిక్కు వచ్చింది.

రోగుల మీద జరిగిన పరీక్షలు

జెనీవాలో మార్టిన్ ట్రామెర్, ఆయన సహచరులు 1996లో ప్రకటించిన పరీక్ష ఈ రంగంలో మొదటి మైలురాయి. కడుపు కోసి గర్భసంచి తొలగించే ఆపరేషన్ చేయించుకునే 42 మంది స్త్రీలను రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుకు మత్తు ఇవ్వబోయే ముందు 3 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, తరువాత 20 గంటలపాటు సన్నధారగా మరికొంత ఎక్కించగా, రెండవ గుంపుకు ఉత్త సెలైన్ ఇచ్చారు. నొప్పి తెలిసినప్పుడల్లా రోగి స్వయంగా మీట నొక్కి మార్ఫిన్ వేసుకునే పంపును అందరికీ అమర్చారు. మెగ్నీషియం అందినవాళ్లు తొలి రెండు రోజుల్లో తక్కువ మార్ఫిన్ వాడారు; ఆ తేడా మొదటి ఆరు గంటల్లో మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆపరేషన్ అయిన రాత్రుల్లో వాళ్ల నిద్ర కూడా అంతగా చెడలేదు.

అయితే ఇదే ట్రామెర్ 2007లో మరొక సహచరుడితో కలిసి, గజ్జల్లో హెర్నియాకో ఉబ్బిన కాలి సిరలకో ఆపరేషన్ చేయించుకుని అదే రోజు ఇంటికి వెళ్లే 200 మంది మీద ఒకే ఒక 4 గ్రాముల మోతాదును పరీక్షించినప్పుడు ప్రయోజనం ఏమీ కనిపించలేదు. ఈ రెండు ఫలితాలూ పరస్పరం ఖండించుకుంటున్నట్టు పైకి కనిపించినా, నిజానికి ఒకదాని హద్దును మరొకటి చూపుతున్నాయి. మొదటిది లోతైన పెద్ద గాయం, ఎక్కువకాలం ఎక్కించిన మందు, ఎక్కువ మార్ఫిన్ అవసరపడే రోగులు. రెండవది చిన్న గాయం, ఒకే మోతాదు, మామూలు నొప్పి మాత్రలకే లొంగే బాధ. తగ్గించడానికి పెద్దగా నొప్పి లేనిచోట నొప్పి తగ్గించే మందు సామర్థ్యం బయటపడదు.

కొరియాలో కో, ఆయన సహచరులు 2001లో ప్రకటించిన పరీక్ష అన్నిటికన్నా ఆలోచింపజేసేది. గర్భసంచి ఆపరేషన్‌లో కోతకు ముందు దేహబరువు కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి, ఆ పైన ధారగా ఎక్కించి, ఆపరేషన్ ముగిశాక రక్తాన్నీ, వెన్నుపామును చుట్టి ఉండే ద్రవాన్నీ పరీక్షించారు. రక్తంలో మెగ్నీషియం స్పష్టంగా పెరిగింది. వెన్నుద్రవంలో మాత్రం సెలైన్ ఇచ్చిన గుంపుకూ వీళ్లకూ తేడా లేకపోయింది. నొప్పి మందు వాడకమూ తగ్గలేదు. కాని ఏ గుంపులో ఉన్నా, ఎవరి వెన్నుద్రవంలో మెగ్నీషియం సహజంగా ఎక్కువ ఉందో వాళ్లు తక్కువ నొప్పి మందుతో సరిపెట్టుకున్నారు. రక్తానికీ మెదడుకూ నడుమ ఉన్న అవరోధం మెగ్నీషియం రాకపోకలను గట్టిగా అదుపు చేస్తుందనీ, వెన్నుపాములో దాని ప్రాధాన్యం నిజమైనా రక్తం గుండా దాన్ని అక్కడికి చేర్చడం తేలిక కాదనీ దీనినుంచి గ్రహించాలి.

ఇలాంటి పరీక్షలు విడివిడిగా చిన్నవి. వాటన్నిటినీ పోగుచేసి ఉమ్మడిగా లెక్కగట్టే పద్ధతిలో ఆల్‌బ్రెక్ట్, ఆయన సహచరులు 2013లో 25 పరీక్షలనుంచి 1,461 మంది రోగుల వివరాలను పరిశీలించారు. మొదటి 24 గంటల్లో మార్ఫిన్ వాడకం మెగ్నీషియంవల్ల సుమారు 24 శాతం, అంటే సగటున 7.6 మిల్లీగ్రాములు తగ్గింది. నొప్పి లేకపోతే సున్నా, భరించరానిదైతే నూరు అనే కొలబద్ద మీద 24 గంటల తరువాత విశ్రాంతిలో ఉన్నప్పుడు 4.2, కదిలినప్పుడు 9.2 అంకెల తగ్గుదల కనబడింది. ఆస్ట్రేలియా వైద్యుడు పాల్ మైల్స్ బృందం 2017లో నిర్ణయించిన ప్రకారం, ఈ కొలబద్ద మీద సుమారు 10 అంకెల తేడా వచ్చినప్పుడే రోగికి బాధ తగ్గిందన్న భావన కలుగుతుంది. ఆ గీటురాయి మీద చూస్తే మంచం మీద పడుకున్న రోగికి మెగ్నీషియం చేసే మేలు తెలిసేంత పెద్దది కాదు. లేచి కూర్చునేటప్పుడు, దగ్గేటప్పుడు, నడిచేటప్పుడు మాత్రం అది ఆ గీత దరిదాపులకు చేరుతుంది. ఆపరేషన్ అయినవాళ్లను త్వరగా నడిపించడం, ఊపిరితిత్తుల్లో కఫం నిలవకుండా దగ్గించడం ఎంత ముఖ్యమో తెలిసినవారు ఈ కొద్దిపాటి లాభాన్ని తీసిపారేయరు. దాన్ని గోరంతలు కొండంతలు చేసి చూపడమూ సరికాదు.

వెన్నుపాముకు చేరడమే కష్టమైతే ఈ కొద్ది లాభమైనా ఎలా వస్తోందన్న ప్రశ్నకు పలు సమాధానాలు వినిపిస్తున్నాయి. ఎన్‌ఎండీఏ గ్రాహకాలు వెన్నుపాము వెలుపలి నాడుల్లోనూ ఉన్నాయి. కాల్షియం దారులను మెగ్నీషియం ఇతర చోట్లా అడ్డుతుంది. ఒత్తిడి వేళ విడుదలయ్యే అడ్రినలిన్ వంటి రసాయనాలను తగ్గిస్తుంది. ఆపరేషన్‌లో ఎక్కువగా వాడిన రెమిఫెంటనిల్ వంటి నొప్పి మందులే తరువాత నొప్పిని హెచ్చించే విపరీతాన్ని కొంత నివారిస్తుంది. వణుకు తగ్గడం ఇందులో కలిసివచ్చే మరో ప్రయోజనం.

మోతాదు లెక్క

ఆచరణలో సాధారణంగా వాడే తొలి మోతాదు కిలో బరువుకు 30 నుంచి 50 మిల్లీగ్రాములు; దాన్ని 15 నుంచి 20 నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కించి, ఆ తరువాత గంటకు కిలోకు 8 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఆపరేషన్ ముగిసేదాకా కొనసాగిస్తారు. మన దేశంలో మామూలుగా దొరికే ఆంప్యూల్‌లో 50 శాతం ద్రావణం 2 మిల్లీలీటర్లు ఉంటుంది, అంటే 1 గ్రాము మందు. 60 కిలోల స్త్రీకి కిలోకు 30 మిల్లీగ్రాముల లెక్కన 1,800 మిల్లీగ్రాములు కావాలి, అది 3.6 మిల్లీలీటర్లకు సమానం. దాన్ని 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి ఎక్కించాలి.

ఆ 1,800 మిల్లీగ్రాములు లవణం బరువు. అందులోని నీరు, సల్ఫేట్ పోగా అసలు మెగ్నీషియం సుమారు 180 మిల్లీగ్రాములు. దేహంలోని మొత్తం 24 గ్రాములతో పోలిస్తే ఇది నూటికి ఒక వంతైనా లేదు గాని, కణాల వెలుపలి ద్రవాలన్నిటిలో ఉండే మొత్తం మెగ్నీషియం 240 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే కనుక, దానితో పోలిస్తే పెద్ద మొత్తమే. అందుకే సిరంజితో ఒక్కసారిగా తోసినప్పుడు ఒళ్లు భగ్గుమనడం, ముఖం ఎర్రబడడం, నరం మంట, బీపీ పడిపోవడం వంటివి వస్తాయి. ఇరవై నిమిషాలు తీసుకుంటే అదే మోతాదును దేహం సర్దుకుంటుంది. ఒక్కసారి నరంలోకి ఇచ్చిన మోతాదు ప్రభావం అరగంటకు మించి గట్టిగా నిలవదు కాబట్టి ధార అవసరమవుతుంది.

గమనించవలసిన అపాయాలు

మెగ్నీషియం భద్రత గురించి ప్రసూతి వైద్యం దగ్గర నూరేళ్ల అనుభవం ఉంది. గర్భిణులకు బీపీ పెరిగి మూర్ఛలు వచ్చే గుర్రపువాతంలో అమెరికా వైద్యుడు జాక్ ప్రిచార్డ్ స్థిరపరచిన పద్ధతి ప్రకారం తొలివిడతలోనే నరంలోకి 4, రెండు పిరుదుల్లోకి 5 చొప్పున 10, మొత్తం 14 గ్రాములు ఇస్తారు. మూర్ఛలు రాకుండా ముందుగా ఇస్తే ఎంత లాభమో తేల్చడానికి మ్యాగ్‌పై పేరుతో 33 దేశాల్లో పదివేలమందికి పైగా స్త్రీల మీద జరిగి 2002లో వెలువడిన పరీక్ష, మూర్ఛల ముప్పు సగానికి పైగా తగ్గుతుందని చూపింది. 60 కిలోల రోగికి రెండు గంటల ఆపరేషన్‌లో నొప్పికోసం ఇచ్చే మొత్తం సుమారు మూడు నుంచి ఐదు గ్రాముల మధ్యే ఉంటుంది కాబట్టి మోతాదు దృష్ట్యా భయపడవలసింది తక్కువే.

అయినా ప్రసూతి వార్డుకూ ఆపరేషన్ థియేటర్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ప్రసూతి వార్డులో స్త్రీ మెలకువగా ఉంటుంది. నర్సు మోకాలి చిప్ప కింద తట్టి చూస్తుంది, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లో లెక్కపెడుతుంది, మూత్రం ఎంత వచ్చిందో కొలుస్తుంది. రక్తంలో మెగ్నీషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్ చేరేసరికి మోకాలి కుదుపు పోతుంది; 5 దాటి పెరుగుతూ పోతే ఊపిరి కండరాలు చచ్చుబడతాయి; మరీ పెరిగితే గుండె ఆగుతుంది. మోకాలి కుదుపు ముందు పోతుంది కనుక అది ముందస్తు హెచ్చరిక. మత్తులో ఉండి, వెక్యురోనియం వంటి కండరాలను సడలించే మందు అందుకున్న రోగిలో ఆ హెచ్చరిక కనబడే అవకాశమే లేదు. పైగా మెగ్నీషియం ఆ సడలింపు మందుల బలాన్నీ కాలాన్నీ పెంచుతుంది. కాబట్టి సడలింపు మందు మోతాదు తగ్గించడం, మణికట్టు దగ్గర నాడికి వరుసగా నాలుగు విద్యుత్ ప్రేరణలిచ్చి బొటనవేలి కదలికను కొలిచే పరికరం వాడడం, నాలుగవ కదలిక మొదటిదాంట్లో పదింట తొమ్మిది వంతులకు చేరేవరకు గొంతులోని గొట్టం తీయకుండా ఉండడం తప్పనిసరి. గుర్రపువాతానికి మ్యాగ్‌సల్ఫ్ తీసుకుని అత్యవసరంగా సిజేరియన్‌కు వచ్చే స్త్రీ విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. విరుగుడుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు చేతికందేలా ఉంచుకోవాలి. మూత్రపిండాలు చెడినవారు, గుండెలో విద్యుత్ ప్రసారానికి అడ్డంకి ఉన్నవారు, మయస్తీనియా గ్రేవిస్ అనే కండర బలహీనత ఉన్నవారు ఈ చికిత్సకు తగరు.

ఒకే గుర్తును నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి హైదరాబాదు చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ సహాయంతో 1888, 1889 సంవత్సరాల్లో పనిచేసిన హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిపి, క్లోరోఫాంతో ముందు ఊపిరే ఆగుతుంది, గుండె కాదు, కాబట్టి ఊపిరిని గమనిస్తే చాలునని తీర్మానించాయి. ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న బోధ మంచిదే గాని, క్లోరోఫాం నేరుగా గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లీవీ నిరూపించాడు. మెగ్నీషియం ఇచ్చే థియేటర్లలో ఊపిరి, నాడి, బీపీ, కండర బలం నాలుగూ ఒకేసారి కొలతలో ఉండాలనడానికి ఈ చరిత్ర బలమైన ఆధారం.

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులలో

మెగ్నీషియాన్ని అత్యధికంగా పరీక్షించినది గర్భసంచి తొలగించే ఆపరేషన్‌లో కాగా, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. అవసరం లేని ఆపరేషన్లను ఆపడమే ఆ నొప్పికి మొదటి మందు. ఆ పైన, అవసరమై చేయించుకునే స్త్రీకి నొప్పి తెలియకుండా చూడడం ఆసుపత్రి బాధ్యత. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఏర్పడిన అనుమతుల చిక్కులవల్ల చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో మార్ఫిన్ దొరకడం కష్టమైంది. 2014 సవరణ తరువాత నిబంధనలు సడలినా వాడుక నెమ్మదిగానే పెరుగుతోంది. మ్యాగ్‌సల్ఫ్ మాత్రం చవకైనదీ, ప్రసూతి సేవలు అందించే ప్రతి ఆసుపత్రిలో ఉండవలసినదీ.

చవకగా చేతికందుతున్నదన్న కారణంతో దాన్ని మార్ఫిన్‌కు బదులుగా భావించడం పొరపాటు. పరీక్షలన్నిటిలోనూ అది ఇతర మందులకు తోడుగా ఇచ్చినదే. వేళకు ఇచ్చే పారాసిటమాల్, తగినవారికి డైక్లోఫెనాక్ జాతి మందు, పొట్ట గోడ నాడులకో కోత చుట్టూ చర్మానికో వేసే మొద్దుబారే మందు: ఈ మూడూ నొప్పి తగ్గింపుకు పునాది. ఇవి క్రమంగా అందని వార్డులో మెగ్నీషియంతో మొదలుపెట్టడం పునాది లేకుండా పై అంతస్తుకు పూనుకోవడమే. ఈ మూడూ అమలులో ఉండి, ఇంకా నొప్పి మిగులుతున్నప్పుడు, కడుపు కోసి చేసే పెద్ద ఆపరేషన్లలో, మూత్రపిండాలు బాగున్న రోగికి, కండర బలాన్ని కొలిచే పరికరం ఉన్న థియేటర్‌లో మెగ్నీషియం ఇవ్వడం సమంజసం.

మెగ్నీషియం వాడదలచిన ఆసుపత్రి తన వార్డులో రోగి లేచి కూర్చున్నప్పుడు చెప్పిన నొప్పి అంకెను, 24 గంటల్లో వాడిన నొప్పి మందు మొత్తాన్ని, గొట్టం తీయడానికి పట్టిన సమయాన్ని వాడకముందు కొన్ని నెలలు, వాడిన తరువాత కొన్ని నెలలు కేసు షీటులో రాయించి పోల్చుకోవాలి. కదిలినప్పటి నొప్పి పది అంకెల మేర తగ్గి, సడలింపు చిక్కులు పెరగకపోతే దాన్ని కొనసాగించవచ్చు; అలా తగ్గకపోతే ఆ శ్రమను మొద్దుబారే మందు సరిగ్గా వేయడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి మళ్లించడమే రోగులకు ఎక్కువ మేలు చేస్తుంది.